కొల్లూరు వాళ్ల స్టేషన్ లింగంపల్లి

హైదరాబాద్ శివారు కొల్లూరులో ఎవరినైనా "మీకు రైల్వే స్టేషన్ ఏది?" అని అడిగితే ఆలోచించకుండా లింగంపల్లి అనేస్తారు. పటం తీసి చూస్తే తెల్లాపూర్ అంతకన్నా దగ్గర. మరో పక్క నాగులపల్లి కూడా పెద్ద దూరమేం కాదు. అయినా ఆ రెండు పేర్లూ ఎవరి నోటా రావు. స్టేషన్ అన్నాక దిగగానే ఆటో దొరకాలి, పొద్దుపోయి వచ్చినా గ్లాసెడు చాయ్ దొరకాలి, ఒక బండి పోతే ఇంకోటి ఉందిలే అన్న ధీమా ఉండాలి. ఆ లెక్కన ఈ చుట్టుపక్కల స్టేషన్ అన్నది ఒక్కటే.

పట్టాలు మాత్రం ఈ పొలాల అంచున నూటయాభై ఏళ్లుగా ఉన్నాయి. బొంబాయి, మద్రాసుల మధ్య రైలు మార్గం 1871లో కలిసింది. సికింద్రాబాద్ కంటోన్మెంటును ఆ మార్గానికి కలపాలని బ్రిటిష్ వాళ్లు పట్టుబట్టారు. మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న కాలం అది. పట్టుదల వాళ్లది, పైసలు నిజాం సర్కారువి. 1874లో వాడి జంక్షన్ నుంచి తాండూరు, వికారాబాద్, శంకర్‌పల్లి మీదుగా సికింద్రాబాద్ దాకా రైలు నడిచింది. అటు వరంగల్ వైపు లైను పడింది 1886లో, బెజవాడకు చేరింది 1889లో. అంటే పన్నెండేళ్ల పాటు హైదరాబాద్ నుంచి బొంబాయి పోవాలన్నా, మద్రాసు పోవాలన్నా, చివరికి కాశీకి పోవాలన్నా రైల్లో ఇదొక్కటే దారి. రాజధానికి ఉన్న ఒకే ఒక్క రైలు వాకిలి ఈ పక్కనే ఉండేదన్న సంగతి ఇక్కడి వాళ్లలోనే చాలామందికి తెలియదు.

ఆ తర్వాత యాజమాన్యాలు మారాయి. లండన్ కంపెనీ చేతికి వెళ్లిన ఈ లైన్లను 1930లో నిజాం ప్రభుత్వం కొనేసింది. 1951లో అవి సెంట్రల్ రైల్వేలో కలిశాయి. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. బోర్డుల మీద పేర్లు మారాయి తప్ప ఊళ్లకు ఒరిగిందేమీ లేదు.

అసలు ఈ ప్రాంతాన్ని మార్చింది రైలు కాదు, ఫ్యాక్టరీ సైరన్. అరవైల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరు దగ్గర పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, 1974లో లింగంపల్లి పక్కన హైదరాబాద్ విశ్వవిద్యాలయం వచ్చాయి. పటాన్‌చెరు పారిశ్రామికవాడ ముంబై రోడ్డు పొడవునా పెరిగింది. ఇంతమంది కార్మికులు, ఉద్యోగులు, విద్యార్థులు వచ్చినా వాళ్లను మోసింది ఎక్కువగా కంపెనీ బస్సులూ, ఆర్టీసీ వాళ్ల 218, 219 నంబర్లూ. కోఠి నుంచి 218, సికింద్రాబాద్ నుంచి 219. ఈ రెండు నంబర్లు తెలియని వాడు పటాన్‌చెరు వాడు కాదు.

2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మొదలయ్యాయి. లింగంపల్లి దశ తిరిగింది అప్పుడే. కొత్త లైను వేయలేదు. ఉన్న పట్టాల మీదే లోకల్ బండ్లను ఇటు సికింద్రాబాద్‌కు, అటు నాంపల్లికి నడిపారు. ఖర్చు రాష్ట్రమూ, రైల్వేయూ చెరిసగం పెట్టుకున్నాయి. చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ, భరత్‌నగర్, బేగంపేట... ట్రాఫిక్‌లో గంటన్నర నలిగే దూరాన్ని ఐదూ పది రూపాయల టికెట్టుతో గంట లోపు దాటేయడం మొదలైంది. సైబరాబాద్‌లో అద్దె కట్టలేని వాళ్లు లింగంపల్లికి, అక్కడా కట్టలేని వాళ్లు ఇంకా ఇవతలికి జరిగారు. లోకల్ రైలు టైం తప్పుతుందన్న ఫిర్యాదు మొదటి నుంచీ ఉన్నదే. అయినా ఆ చౌకను కాదనుకున్న వాళ్లు తక్కువ.

లోకల్ బండ్లే కాదు, దూరపు బండ్లూ లింగంపల్లి దాకా వచ్చాయి. సికింద్రాబాద్‌లో ఉన్నవి పది ప్లాట్‌ఫారాలు. దూరం నుంచి వచ్చిన బండి అక్కడే ఆగి ఉంటే వెనకొచ్చేది ఔటర్ సిగ్నల్ దగ్గర పడిగాపులు కాయాలి. ప్రయాణికులను దించేసి బండిని ముందుకు పంపితే ఆ ఇరుకు కొంత తగ్గుతుంది. మరో కారణం కూడా ఉంది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగులు మియాపూర్, చందానగర్ చుట్టూ స్థిరపడ్డారు. వాళ్లు సికింద్రాబాద్‌లో దిగి మళ్లీ ఇరవై కిలోమీటర్ల దాకా ఇటు రావాల్సి వచ్చేది. అలా విశాఖ జన్మభూమి, కాకినాడ గౌతమి, తిరుపతి నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్‌లను లింగంపల్లి దాకా పొడిగించారు. గోదావరి పాయ పేరు ఒకదానికి, ఏడుకొండల్లో ఒక కొండ పేరు మరోదానికి. సంక్రాంతి ముందు రోజుల్లో ఈ ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఆ రెండు పేర్లూ ఎవరి కోసం పెట్టారో చెప్పక్కర్లేదు. గోదావరి యాస, రాయలసీమ యాస, పక్కనే "జర జరుగన్నా" అనే తెలంగాణ యాస ఒకే జనరల్ బోగీ తలుపు దగ్గర తోసుకుంటూ ఉంటాయి. బండి బయల్దేరేది ఇక్కడే కనుక సీటు దొరుకుతుందన్న ఆశ. ఆ ఆశతోనే సంగారెడ్డి నుంచి కూడా జనం ఇక్కడికొస్తారు.

వాన పడితే మాత్రం ఆశలు తగ్గించుకోవాలి. పట్టాల కింద నుంచి వెళ్లే రోడ్డులో నీళ్లు నిలిచాయంటే, కళ్ల ముందు కనబడే స్టేషన్‌కు చుట్టు తిరిగి రావాల్సిందే.

కరోనా కాలంలో, 2020 మార్చిలో ఆగిన ఎంఎంటీఎస్ మళ్లీ కదిలింది 2021 జూన్ 23న. ఆ పదిహేను నెలల్లో బైకు కొనుక్కున్న వాళ్లలో చాలామంది మళ్లీ రైలెక్కలేదు.

ఇప్పుడు నగరంలోని రైలు దారులే మారుతున్నాయి. సికింద్రాబాద్‌లోకి పోకుండా మౌలాలి నుంచి సనత్‌నగర్‌కు తిరిగే లైనును డబ్లింగ్ చేసి విద్యుదీకరించారు. 2024 మార్చి 5న సంగారెడ్డి జిల్లాకు వచ్చిన ప్రధాని మోదీ దాన్ని ప్రారంభించి, ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి ఆ దారిన తొలి ఎంఎంటీఎస్‌కు జెండా ఊపారు. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ తెరుచుకుంది. అదే ఏడాది జన్మభూమిని సికింద్రాబాద్ తప్పించి చర్లపల్లి, అమ్ముగూడ, సనత్‌నగర్ మీదుగా మళ్లించారు. లింగంపల్లిలో ఎక్కేవాళ్లకు తేడా లేదు. తిప్పలన్నీ సికింద్రాబాద్, బేగంపేటల్లో ఎక్కేవాళ్లవి.

ఎంఎంటీఎస్ రెండో దశలో తెల్లాపూర్ నుంచి రామచంద్రాపురానికి చిన్న పాయ ఒకటి పడింది. పటాన్‌చెరు దాకా లోకల్ రాలేదు. ఫ్యాక్టరీ షిఫ్టు వదిలాక జనం ఇప్పటికీ 219 కోసమే చూస్తారు.

2023 జూన్ 22 కొల్లూరుకు మరిచిపోలేని రోజు. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఇక్కడ 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లను ప్రారంభించారు. అదే రోజు శంకర్‌పల్లి దగ్గర కొండకల్‌లో మేధా సంస్థ రైలు కోచ్‌ల ఫ్యాక్టరీని కూడా ప్రారంభించారు. అలా ఊరికి ఒక పక్క రైలు పెట్టెలు తయారయ్యే చోటు వచ్చింది, ఊళ్లో రైలు కావాల్సిన వేల కుటుంబాలు వచ్చాయి. ఆ ఇళ్లు దక్కిన వాళ్లలో చాలామందికి పనులు ఇంకా నగరంలో తాము ముందున్న బస్తీల్లోనే ఉన్నాయి. పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు కింద బస్సుకో షేర్ ఆటోకో నిలబడి, లింగంపల్లి చేరి, లోకల్ పట్టుకుంటారు. రాత్రి తిరిగొచ్చేసరికి స్టేషన్ ముందు ఆటో వాళ్లు "బీహెచ్ఈఎల్, బీరంగూడ, పటాన్‌చెరు" అని కేకలేస్తూ ఉంటారు. కొల్లూరు అని మాత్రం మనమే అడగాలి. నలుగురు దొరికితే బండి కదులుతుంది.