ట్యాంకు అంటే చెరువే

ట్యాంకు అనగానే ఇవాళ మనకు ఏం తోస్తుంది? మిద్దెమీద నీళ్లతొట్టి, ట్రాక్టరులో డీజిలు పోసే డబ్బా, లేకుంటే సైన్యంలో ఫిరంగిబండి. కాని నీటిపారుదల ఇంగ్లీషు లెక్కల్లో వనపర్తి దగ్గరి శ్రీరంగాపురం రంగసముద్రమూ ట్యాంకే, నాగర్‌కర్నూలు కేసరిసముద్రమూ ట్యాంకే. ఒక్క మాట ఇన్నింటికి ఎట్లా వచ్చింది?

ఇది ఇంగ్లీషువాళ్లు పుట్టించిన మాట కాదు. గుజరాతు, రాజస్థాను వైపు వాననీరు దాచుకునే తొట్టిని టాంకా అంటారు. 17వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఇంగ్లీషు వర్తకులు ఆ మాట పట్టుకున్నారు. పోర్చుగీసువారి తాంకె అనే మాట కూడా దానికి తోడయింది. అట్లా వాళ్ల నోట మన చెరువు ట్యాంకు అయింది. ఆ శతాబ్దం చివరికే పెద్ద తొట్టి అనే అర్థమూ వచ్చింది. 1915లో బ్రిటిషువారు ఉక్కు యుద్ధబండ్లు తయారుచేస్తూ, గుట్టు దాచడానికి వాటిని ట్యాంకులన్నారు. 1916 సెప్టెంబరు 15న అవి ఫ్రాన్సులో యుద్ధానికి దిగాయి. ఆ పేరే నిలిచిపోయింది.

మాట మన ఊరికి తిరిగి వచ్చేసరికి డబ్బా అయి వచ్చింది. చిక్కంతా ఇక్కడే ఉంది. డబ్బాకు గోడలుంటే చాలు, మనం పోస్తే నిండుతుంది. చెరువు అట్లా కాదు. పైన వాన పారే నేల, నీరు తెచ్చే పాటుకాలువ, కట్ట, తూము, అలుగు, కింద ఆయకట్టు, ఇవన్నీ కలిస్తేనే చెరువు. పాటుకాలువను దున్నేస్తే ఎంత వాన పడినా నిండదు. అలుగు మూసేస్తే నిండిన నీరే కట్టను తెంపుతుంది.

ఇప్పుడు జూరాల నీటిని నెట్టెంపాడు పథకం గద్వాల వైపు, శ్రీశైలం నీటిని కల్వకుర్తి పథకం నాగర్‌కర్నూలు వైపు ఎత్తిపోస్తున్నాయి. మంచిదే. అయితే, ఇక పాటుకాలువతో పనేమిటనుకుంటే చెరువును డబ్బాగా చూసినట్టే. మోటార్లు ఆగిన రోజున దిక్కు ఆ కాలువే కదా!

ఆఫీసు కాగితాల్లో పాత అర్థం ఇంకా బతికే ఉంది. ఎఫ్.టి.ఎల్. అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్, అంటే చెరువు అలుగుదాకా నిండినప్పటి నీటిమట్టం. ఎండాకాలంలో ఎండిపోయి కనబడినా ఆ మట్టం లోపలి నేల చెరువుదే. విస్తరణ సిబ్బంది ఆ హద్దును రైతులకు నేలమీద నడిచి చూపించాలి. తొలకరికి ముందే ఊరంతా కలిసి పాటుకాలువ పొడుగునా ఒకసారి నడవండి. పూడిక, ముళ్లకంపలు తీసివేయండి. ట్యాంకు మళ్లీ చెరువవుతుంది.