ట్రాక్టరు ట్రైలరుకు పెద్ద టైర్లు

పావగడ తాలూకా పల్లెలలో పొలం నుండి వేరుశనగ, పశువుల మేత ఇంటికి చేర్చేది ట్రాక్టరు ట్రైలరే. ఇసుక వంకలలో చిన్న చక్రాలు దిగబడుతున్నాయని కొందరు యజమానులు 7.50-16 టైర్లు తీసివేసి, లారీలకు వాడే 9.00-20 టైర్లు వేయిస్తుంటారు. ఈ అంకెలలో మొదటిది టైరు వెడల్పు, రెండవది డిస్కు వ్యాసం, రెండూ అంగుళాలలోనే.

పెద్ద చక్రం గుంతను సులువుగా దాటుతుంది, మెత్తని నేలలో తక్కువగా దిగబడుతుంది. పూర్వపు ఎద్దులబండ్లకు అంతటి ఎత్తయిన కొయ్యచక్రాలు ఉండేది ఊరికే కాదు.

అయితే టైరు మారినంత మాత్రాన ఇరుసు బలం పెరగదు. ఇరుసు, బేరింగులు, కమాన్లు పాతవైతే బరువూ పాతదే వేయాలి. డిస్కు రంధ్రాలు హబ్బు బోల్టులకు కుదరనప్పుడు వెల్డింగుతో సరిపెట్టడం ప్రాణాంతకం. హబ్బుతో సహా మార్పించాలి. నిండు బరువుకు కమాన్లు వంగినప్పుడు టైరు తొట్టి అడుగుకు తగలకూడదు.

చక్రం వ్యాసం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగితే తొట్టి అందులో సగం, అనగా 10 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. రెండు చక్రాల నడిమి దూరం మాత్రం పెరగదు. అందువలన చెరువు కట్టలపై, మలుపులలో బోల్తాపడే ప్రమాదం ఎక్కువవుతుంది. రెండు చక్రాల ట్రైలరైతే ముందుకు వంగి, ట్రాక్టరు కొక్కెంపై భారం మోపుతుంది. కొక్కెం ఎత్తును సరిచేయించాలి.

నాగలమడక సుబ్రహ్మణ్యస్వామి జాతరకు పిల్లాజెల్లాతో ట్రైలరెక్కే కుటుంబాలు దీనిని గుర్తుంచుకోవాలి. చట్టరీత్యా అది సరుకుల బండి. అందులో ప్రయాణించేవారికి సాధారణంగా బీమా వర్తించదు.

కొత్త చక్రాలతో మొదటి లోడు దింపగానే బోల్టులను మరల బిగించాలి.