సితారా పెట్టిన మాట

2023 జులైలో వాట్సాప్ నిండా ఒకటే లొల్లి. ఐదువందల నోటు మీద నంబర్ల నడుమ చిన్న నక్షత్రం ఉంటే అది నకిలీ అని, తీసుకోవద్దని. చివరికి జులై 27న రిజర్వ్ బ్యాంకే బయానా ఇవ్వాల్సి వచ్చింది. అసలు సంగతి చాలా సాదా. వంద నోట్ల కట్టలో ఒక నోటు అచ్చులో ఖరాబైతే దాన్ని తీసేసి, ఆ జాగాలో ఇంకొకటి పెడతారు. అలా పెట్టిన నోటుకు ఆ నిషానీ. 2006 నుంచి ఉన్న పద్ధతే. మామూలు నోటుకూ దానికీ విలువలో రవ్వంత ఫరక్ లేదు. అయినా గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషికి నిషానీ కనబడితే చాలు, షక్ మొదలవుతుంది. తీసేసిన నోటుదే ఖసూర్, దాని బదులు వచ్చిన మంచి నోటుకు బద్‌నామ్!

ఈ గుర్తుకు గ్రీకులు పెట్టిన పేరు ఆస్టరిస్కోస్, అంటే చిన్న నక్షత్రం. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో ఇస్కందరియా కుతుబ్‌ఖానాలో అరిస్టార్కస్ అనే పండితుడు హోమర్ కావ్యాల చేతిరాత ప్రతులను సరిచూస్తూ దీన్ని వాడాడు. అప్పటి రూపం వేరు: ఒక ఇంటూ గుర్తు, దాని నాలుగు సందుల్లో నాలుగు చుక్కలు. హోమర్‌లో ఒకే పంక్తి రెండు మూడు చోట్ల వస్తుంటుంది. అలాంటి పంక్తి ఇక్కడిదే, దీని సరైన జాగా ఇదే అనుకున్నచోట ఆయన సితారా పెట్టేవాడు. ఇది హోమర్ రాసింది కాదు అని షక్ ఉన్నచోట అడ్డగీత. అంటే మొదట్లో ఈ నక్షత్రం షక్‌కు కాదు, గవాహీకి నిషానీ.

నాలుగు వందల ఏళ్ల తర్వాత ఆరిజెన్ అనే క్రైస్తవ పండితుడు దాన్ని ఇంకో పనికి వాడాడు. ఆయన తయారుచేసిన హెక్సాప్లా ఆరు వరుసల మహా గ్రంథం. హీబ్రూ మూలాన్నీ దాని గ్రీకు తర్జుమాలనూ పక్కపక్కన నిలబెట్టాడు. హీబ్రూలో ఉండి పాత గ్రీకు తర్జుమాలో లేని మాటలను వేరే తర్జుమాల నుంచి తెచ్చి కలిపాడు. కలిపిన ప్రతి చోటా సితారా పెట్టాడు. అతుకు వేశాను, ఇదిగో ఇక్కడే వేశాను, చూసుకోండి అన్నట్టు. ఆ ఈమాన్‌దారీ నాకు నచ్చుతుంది. తర్వాత ఏమైందంటే, నకలు తీసినవాళ్లు మాటలు రాసుకున్నారు, నిషానీలు వదిలేశారు. పాత గుడ్డ ఏదో కొత్త అతుకు ఏదో కలిసిపోయింది. వాటిని విడదీయడానికి పండితులు నేటికీ తంటాలు పడుతున్నారు.

ఉర్దూ మీడియంలో చదివిన నాకు ఈ సితారాతో ములాఖాత్ ఆలస్యంగా అయింది. మా కితాబుల్లో కాతిబ్‌ల నిషానీలు వేరే. షాయర్ తఖల్లుస్ వస్తే దాని నెత్తిన చిన్న వంపుగీత. వచనం మధ్య షేర్ వస్తే దాని ముందు ఒక ప్రత్యేక గుర్తు. వివరణ ఏదైనా ఉంటే హాషియాలో, అంటే పేజీ అంచున. ముస్‌హఫ్‌లో కొన్ని చోట్ల మూడు చుక్కల జంట కనబడుతుంది, దాన్ని ముఆనఖా అంటారు. రెండింట్లో ఏదో ఒకచోట ఆగవచ్చు, రెండుచోట్లా ఆగకూడదు. ఇక అరబ్బీ లిపికి యూనికోడ్‌లో సితారా విడిగా ఉంది, ఐదు కోణాలది. ఆరు కోణాలైతే దావూద్ సితారా గుర్తొస్తుందట, అందుకని. చుక్కకు కూడా సియాసత్ తప్పలేదు.

క్రికెట్ వల్ల మాత్రం అందరికీ తెలుసు. గ్వాలియర్‌లో 2010లో సచిన్ కొట్టిన రెండు వందల పక్కన ఉన్న నక్షత్రానికి మతలబు నాటౌట్. అదే నక్షత్రం స్కోరుకార్డులో పేరు పక్కన ఉంటే కెప్టెన్. తొంభైల్లో అది అజహరుద్దీన్ పక్కన ఉండేది. పార్లమెంటులో నక్షత్రం గుర్తున్న సవాల్‌కు మంత్రి నోటితో జవాబివ్వాలి, సభ్యులు దాని మీద అనుబంధ సవాళ్లు వేయొచ్చు. గుర్తు లేనిదానికి కాగితం మీద జవాబు, అంతటితో ఖతం. సభలో సితారా అంటే నోరు.

డిగ్రీలో తెలుగు తీసుకున్నాక భాషాచరిత్ర పాఠంలో అది మాట ముందు కనబడింది. ఇక్కడే నాకు అసలు దిల్చస్పీ. పందొమ్మిదో శతాబ్దంలో ఆగస్ట్ ష్లైషర్ అనే జర్మన్ పండితుడు వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. మాట ముందు నక్షత్రం ఉంటే, ఇది ఏ శాసనంలోనూ ఏ కితాబులోనూ దొరకదు, కానీ ఉండి ఉండాలి అని అర్థం. మన చెవినే తీసుకోండి. తమిళంలో చెవి, కన్నడంలో కివి, తుళులో కెబి. మెండోర నుంచి శ్రీరాంసాగర్ కట్ట దాటి నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ గుట్టలెక్కితే కొలాం గూడేలు వస్తాయి. అక్కడి కొలామి భాషలో కెవ్. ఇవన్నీ పక్కపక్కన పెట్టి పండితులు *కెవి అని రాస్తారు. ఎ, ఇ లాంటి అచ్చుల ముందున్న క తెలుగులో చ అయిందని, అందుకే మనది చెవి అయిందని తేలుస్తారు. ఉస్మానియాలో పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి గారి 1961 నాటి తెలుగు ధాతువుల గ్రంథం, 2003లో కేంబ్రిడ్జ్ వేసిన ద్రావిడ భాషల గ్రంథం ఇలాంటి సితారాలతో నిండి ఉంటాయి. కొలాం గూడెంలో బడి మొహం చూడని ముసలమ్మ నోటి మాటకు అక్కడ తమిళ సంగం సాహిత్యంతో సమానంగా గవాహీ దర్జా. కమాల్ కదా!

అదే భాషాశాస్త్రం ఇరవయ్యో శతాబ్దంలో అదే గుర్తుకు ఉల్టా మతలబు కూడా ఇచ్చింది. *వాడు వచ్చింది అని రాస్తే, ఇలా ఏ తెలుగువాడూ అనడు, ఇది గలత్ అని. ఒక సితారా, ఎవరూ విననిదాన్ని ఉందంటుంది. ఇంకో సితారా, ఎవరూ అననిదాన్ని లేదంటుంది. రెండింటికీ సబూత్ ఒక్కటే, మాట్లాడేవాళ్ల నోరు.

బడిలో లెక్క వేరు. నిజామాబాద్ జిల్లా పిల్లలు ‘వచ్చిండు’ అని రాస్తే దాని చుట్టూ ఎర్ర సున్నా పడేది. ‘వచ్చాడు’ అని దిద్దేవారు. ఊరంతా అనే మాట అది, భాషాశాస్త్రం ప్రకారం దానికి ఏ నక్షత్రమూ పడదు. మా దక్కనీకీ అదే హాల్. ‘నక్కో’ అంటే ఢిల్లీ, లక్నో ఉర్దూవాళ్లకు నవ్వు. అది మరాఠీ ‘నకో’కు సగం చుట్టం, బోధన్ దాటితే మహారాష్ట్రే మరి. సి.పి. బ్రౌన్ 1854లో తెలుగులో కలిసిన హిందుస్తానీ, ఇతర పరాయి మాటలను ఏరి వాటికి విడిగా ఒక నిఘంటువే వేశాడు. మాటలు భద్రంగా దొరికాయి, ఆ మేరకు షుక్రియా. కానీ జవాబు, దస్తావేజు, ఖర్చు, తారీఖు రైతు నోట్లో అప్పటికే తెలుగే. వేరే జిల్ద్‌లో పెడితే అవి మెహమాన్‌లుగా కనబడతాయి.

దక్కనీకి ఊహించి నిలబెట్టిన *కెవి లాంటి సహారా అవసరం లేదు. బహమనీల కాలంలో, పదిహేనో శతాబ్దంలో ఫఖ్రుద్దీన్ నిజామీ రాసిన మస్నవీ ‘కదమ్ రావ్ పదమ్ రావ్’ చేతిరాతలో దొరికింది. జమీల్ జాలిబీ దాన్ని పరిష్కరించి 1973లో కరాచీలో అచ్చు వేయించారు. దొరికింది ఒక్కటే ప్రతి, అదీ అసంపూర్ణం. కథలోని ఇద్దరి పేర్లు కలిపి ఆ పేరు పెట్టుకున్నారు. నిజామీ తానేం పేరు పెట్టాడో ఆ ప్రతిలో లేదు.