ఇ.ఎం. ఫార్‌స్టర్ నవల – హైదరాబాదు మైత్రి: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
ఇ.ఎం. ఫార్‌స్టర్ (1879–1970) రచించిన 'ఎ పాసేజ్ టు ఇండియా' (1924)ను వలసపాలనపై విమర్శగా చదవడం పరిపాటి. ఆ నవలను రచయిత సయ్యద్ రాస్ మసూద్‌కు, తమ పదిహేడేళ్ల స్నేహానికి అంకితం చేశాడు. అప్పటికి మసూద్ హైదరాబాదు రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరు. స్వలింగ ప్రేమికుడైన రచయిత జీవితానికి, అతని ప్రయాణాలకు, ఈ నవలకు గల సంబంధాన్ని హైదరాబాదు కోణం నుంచి పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

మైత్రి – ప్రయాణాలు:
మసూద్ సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనుమడు. ఆక్స్‌ఫర్డ్ చదువుకు సిద్ధమవుతున్న అతనికి 1906లో ఫార్‌స్టర్ లాటిన్ బోధించాడు. ఆ పరిచయం ఫార్‌స్టర్ మనసులో ప్రేమగా మారింది. మసూద్ దానికి బదులివ్వలేకపోయినా స్నేహాన్ని చివరివరకూ నిలుపుకున్నాడు. పురుషుల మధ్య స్వలింగ సంబంధం ఇంగ్లండులో 1967 వరకు నేరం. అందువల్లనే 1913–14లో రాసిన 'మారిస్' నవల రచయిత మరణానంతరం 1971లో గాని వెలువడలేదు.

బాహాటంగా చెప్పలేని అనుభవం దేశాంతర స్నేహం రూపంలో భారతీయ ఇతివృత్తంలోకి ప్రవేశించింది. 1912–13 యాత్రలో ఫార్‌స్టర్ మసూద్ న్యాయవాదిగా ఉన్న బంకీపూరును, గయ సమీపంలోని బరాబర్ గుహలను చూశాడు. అవే నవలలో చంద్రాపూర్‌గా, మరాబార్ గుహలుగా మారాయి. తిరిగి వెళ్లి ఆరంభించిన రచన మధ్యలో ఆగిపోయింది. 1921లో దేవాస్ మహారాజు వద్ద ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసి వెళ్లిన తరువాతే అది పూర్తయింది.

హైదరాబాదు కోణం:
మసూద్ 1916లో నిజాం కొలువులో చేరి 1928 వరకు కొనసాగాడు. ఉర్దూ మాధ్యమంతో 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయ తొలి దశ ఆ కాలానిదే. దేవాస్ విడిచిన ఫార్‌స్టర్ 1921 చివర హైదరాబాదులో అతని ఆతిథ్యం పొందాడు. నాటి నెల్లూరు జిల్లాలోని నాయుడుపేట వంటి కోస్తా ఊళ్లు మద్రాసు రాజధానిలో నేరుగా ఆంగ్లేయుల ఏలుబడిలో ఉండగా, తెలంగాణ సంస్థానాధీశుని పాలనలో ఉంది. ఈ రెండు పాలనల మధ్య భేదం నవలా నిర్మాణంలోనూ కనిపిస్తుంది. విచారణ ముగిశాక అజీజ్ బ్రిటిష్ చంద్రాపూర్‌ను వదిలి మౌ సంస్థానంలో వైద్యుడిగా చేరతాడు. మౌలోని కృష్ణాష్టమి ఉత్సవం దేవాస్ అనుభవమే. అయితే బ్రిటిష్ ఇండియా నుంచి సంస్థానానికి అజీజ్ తరలిపోవడం మసూద్ నడిచిన దారిని తలపిస్తుంది. ఇది ఊహకు అందే సామ్యమే గాని, మసూదే అజీజ్ అని చెప్పడం సరికాదు.

ఇక్కడ ఒక పరిమితిని గుర్తించాలి. 1921 నవంబరులోనే హైదరాబాదులోని సంఘసంస్కరణ సభలో తెలుగు ప్రసంగానికి ఎదురైన అవమానం ఆంధ్ర జన సంఘం పుట్టుకకు కారణమైంది. సంస్థానంలో మిగతా భాషలకన్నా ఎక్కువమంది మాట్లాడిన భాష తెలుగు. అయినా ఫార్‌స్టర్ భారతదేశాన్ని మసూద్ చూపిన ఉర్దూ సంస్కార ద్వారం గుండానే ఎక్కువగా దర్శించాడు. ప్రేమ అతనికి ఒక దేశాన్ని చూపింది. ఆ దేశంలో ఏది కనబడాలో కూడా కొంతమేరకు నిర్ణయించింది.

ముగింపు:
నవల చివర అజీజ్, ఫీల్డింగ్ పక్కపక్కనే స్వారీ చేస్తూ మిత్రులుగా మిగలాలనుకుంటారు. నేల, నింగి అందుకు సమ్మతించవు. ఆ ఎడబాటుకు సామ్రాజ్యం ఒక కారణం. బదులు దొరకని ప్రేమ ఆ దృశ్యానికి లోతునిచ్చిందని పై పరిశీలన సూచిస్తున్నది. 2018లో సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌పై ఇచ్చిన తీర్పు తరువాత కూడా మన తరగతి గదులు ఈ అంశాన్ని రచయిత వ్యక్తిగత విషయంగా పక్కన పెడితే, అంకితం పుటలోనే ఉన్న ఆధారాన్ని విస్మరించినట్లవుతుంది.