"దేన్యే": ఒక ఫ్రెంచి మాట కథ

యానాంలో ఫ్రెంచివారు 1723లో వర్తకశాల తెరచిరి. నడుమ విడిచిపోయిన సంవత్సరములను, ఇంగ్లీషువారు ఆక్రమించుకొన్న కాలమును తీసివేసినను, 1954 వరకు అక్కడి తెలుగువారిపై సాగినది వారి పాలనయే. కనుక ఒక ఫ్రెంచి క్రియ కథను ఈ ఉగాది సంచికలో చెప్పుకొనుట మనకు పరాయి ముచ్చట కాదు.

ఆ క్రియ "దేన్యే". పెద్దవాడు తన స్థాయి నుండి దిగి ఒక పనికి దయతో ఒప్పుకొనుట దాని అర్థము. మన "దయచేయు", "చిత్తగించు" అను మాటలకు దగ్గరి చుట్టము. దీనికి మూలమైన లాటిను క్రియకు "యోగ్యమని ఎంచుట" అని అర్థము. మొదట మాటలో ఉన్నది యోగ్యత. రానురాను పైకి తేలినది దయచూపువాని గొప్ప.

సుమారు 880 నాటి సెయింట్ యులాలియా గీతము మనకు దక్కిన ఫ్రెంచి కవితలలో మొట్టమొదటిదిగా ఎన్నబడుచున్నది. ఆ పునీతురాలు మన కొరకు ప్రార్థింప దయతలచవలెనను దాని ముగింపులోనే ఈ క్రియ కలదు. అక్కడ వంగినవానికి అవమానము లేదు. ఇక బ్రిటనీ సీమకు చెందిన రోహాన్ ప్రభువంశపు బిరుదువాక్యము చూడుడు: రాజును కాజాలను, ప్రిన్సునగుటకు దిగిరాను, రోహాన్‌ను నేను! "దిగిరాను" అన్నచోట ఉన్నది ఈ మాటయే. భక్తుని నోట వేడుకోలైనది ప్రభువు నోట అతిశయమైనది. దీనికి వ్యతిరేకమైన "దేదేన్యే"కు తృణీకరించుట అని అర్థము. ఇంగ్లీషులోని "డిగ్నిటీ" కూడ ఈ వేరు నుండి పుట్టినదే. గౌరవము, దయ, తిరస్కారము - మూడును ఒక తల్లి బిడ్డలే!

1789 ఆగస్టు 26న ఫ్రాన్సు మానవ, పౌర హక్కులను ప్రకటించినది. 1790 జూన్‌లో వంశపారంపర్యపు ప్రభుత్వ బిరుదులను రద్దుచేసినది. హక్కుగా అడుగువానికి "దయతలచుడు" అని వేడవలసిన పని ఏమి? అయినను మాట చావలేదు, ఎత్తిపొడుపుగా మారినది. "జవాబిచ్చుటకైనను దయతలచలేదు" అని నేటి ఫ్రెంచివారు ఈ క్రియతో దెప్పుదురు. ఆలస్యముగా ఇల్లు చేరినవానిని మనము "ఇప్పటికి దయచేశారా?" అనుట లేదా!

పరభాషా ప్రాంతములలో తరతరాలుగా కాపురమున్న మనము బడికని, భాషకని అర్జీలు ఎన్నో వ్రాసితిమి, ఇకముందును వ్రాయుదుము. అర్జీలో వినయము ఉండవలసినదే. కాని ఆ మాట వేరులో యోగ్యత ఉన్నదని మరువరాదు. రేపు కొత్తగా వలసవచ్చిన తెలుగు కుటుంబము మన సంఘము గడప తొక్కినప్పుడు కూడ, దయచూపుచున్నామను భావము మనకు వలదు. వారి యోగ్యతను ఎంచి లోనికి పిలుచుకొందము.