ఉపగ్రహ దృష్టిలో భూపటలాయస్కాంతము

సికింద్రాబాదు పరిసరమున దిక్సూచిని నిలుపు అయస్కాంత క్షేత్రబలము నలుబదివేల నానోటెస్లాలకు మించియుండును. అందు మిక్కుటమగు పాలు భూకేంద్రమండలమున ద్రవలోహము ప్రవహించుటచే పుట్టినది కాగా, మౌలాలి గుట్టలవంటి ప్రాచీన శిలలతో కూడిన భూపటలము తనలోని మాగ్నటైటు అను ఖనిజమును బట్టి సమకూర్చు పాలు, నాలుగువందల కిలోమీటర్ల ఎత్తున, పదియో యిరువదియో నానోటెస్లాలకు మించుట అరుదు. అయినను ఆ స్వల్పశేషము అమూల్యము. సుమారు 580 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో మాగ్నటైటు తన అయస్కాంత గుణమును కోల్పోవును గనుక, శిలాభేదములనే గాక భూమిలోపలి తాపమును గూడ అది సూచింపగలదు.

1965 మొదలు అమెరికా ప్రయోగించిన పోగో ఉపగ్రహములు క్షేత్ర పరిమాణమును మాత్రమే కొలిచినవి. వాని కొలతలనుండి రీగన్, కెయిన్, డేవిస్ అను శాస్త్రజ్ఞులు 1975లో ప్రకటించిన పటమున మధ్యాఫ్రికాలోని బాంగీ వైపరీత్యము, అనగా అచటి క్షేత్రబలము పరిసరములకు భిన్నమగుట, స్ఫుటముగా గోచరించెను. 1979 అక్టోబరు 30న నింగికెగసిన మాగ్‌శాట్, దిశను గూడ కొలుచుచు, ఏడు మాసములకు పైగా పనిచేసెను.

ఆ కొలతలను మన దేశమునకు అన్వయించిన వారిలో, సికింద్రాబాదునుండి ఉప్పలునకు పోవు బాటనున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు అగ్రగణ్యులు. డి. సి. మిశ్రా, వెంకట్రాయుడు 1985లో భారత ఉపఖండపు మాగ్‌శాట్ పటమును భూనిర్మాణముతో పోల్చి చూచిరి; జె. జి. నేగి, ఆయన సహచరులు 1987లో అయస్కాంతత్వము నశించు లోతును అంచనా కట్టిరి. ఇందు ఎంతటి ఓర్పు కావలసెనో తలచినప్పుడెల్ల నాకు గౌరవము ఇనుమడించును. ఏలయన, దక్షిణ భారతపు కొసన అయస్కాంత విషువద్రేఖను అనుసరించి, సుమారు నూరు కిలోమీటర్ల ఎత్తున పగటివేళ ఒక విద్యుత్ప్రవాహము సాగుచుండును. ఉపగ్రహమునకు అదియు, శిలలును క్రిందివైపుననే యుండుటచే, ఏది దేని ప్రభావమో పైనుండి చూచి తేల్చుట దుర్లభము. నేలమీది వేధశాలకో, ప్రవాహము పైన, శిలలు క్రింద. కావున 1964లో ఆ సంస్థ ప్రాంగణమున ఆరంభమైన అయస్కాంత వేధశాలవంటివి లేనిచో ఉపగ్రహపు చూపు అసంపూర్ణమే యగును. పట్టణము పెరిగి, మెట్రో రైలు చేరువగుచుండగా, కొలతలకు భంగము కలుగకుండుటకై నగరమునకు వెలుపల చౌటుప్పలున మఱియొక వేధశాలను నెలకొల్పిరి.

అనంతరము 2000 నుండి 2010 వరకు తిరిగిన జర్మనీవారి చాంప్ ఉపగ్రహము క్రమముగా క్రిందికి దిగుచు సూక్ష్మతర వివరములను సేకరించినను, తన ఎత్తుకంటె మిక్కిలి ఇరుకైన శిలారేఖలు ఏ ఉపగ్రహమునకును విడివిడిగా కనబడవు. ఆ కొఱతను తీర్చునవి వైమానిక సర్వేలు. సికింద్రాబాదున కార్యస్థానముండిన జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ 1980ల ఆరంభమున దక్షిణాపథముపై ఇట్టి సర్వే సాగించెను. 2007 నాటి ప్రపంచ అయస్కాంత వైపరీత్య పటమున ఉపగ్రహ, విమాన, నౌకా కొలతలు ఒక్కటిగా కూర్పబడినవి. 2013లో ఐరోపావారు పంపిన స్వార్మ్ ఉపగ్రహత్రయములో రెండు పక్కపక్కనే సంచరించుచు, ఒకే క్షణమున రెండుచోట్ల కొలుచుటచే, పైనుండి వచ్చు ప్రభావములు చాలవరకు పరస్పరము కొట్టివేయబడి, శిలల పాలు మునుపటికంటె తేటపడుచున్నది.