పిన్‌బాల్ బల్బులో ఆత్మ ఎంత?

పాత పిన్‌బాల్ మెషిన్లలో ఫిలమెంటు బల్బులు తీసేసి ఎల్ఈడీలు పెడితే మెషిను "ఆత్మ" పోతుందని అమెరికాలో కొందరు ఆటగాళ్ళు గట్టిగా వాదిస్తారు. ఆ మాట వినగానే మన హేతువాదులం నవ్వేస్తాం. అయితే డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసినవాణ్ణి, వోచరు చూడకుండా ఏ క్లెయిమునీ కొట్టేయలేను.

పిన్‌బాల్ అంటే వాలుగా ఉన్న బల్ల మీద ఇనుప బంతిని కింద పడకుండా కొడుతూ ఉండే ఆట. గాట్లీబ్, బాలీ, విలియమ్స్ వంటి కంపెనీలన్నీ చికాగోవే. బల్ల మీదా, వెనక నిలబెట్టిన బొమ్మల అద్దం వెనకా చిన్న బల్బులుంటాయి. వాటిలో 44 నంబరు బల్బు 6.3 వోల్టుల మీద 0.25 ఆంపియర్లు తాగుతుంది. అంటే సుమారు 1.6 వాట్లు. అరవై బల్బులుంటే 95 వాట్లు. అందులో చాలా భాగం వేడే. ఆ వేడికి అద్దం మీది రంగు పెచ్చులూడుతుంది, కనెక్టర్లు మాడతాయి. అందుకే ఎల్ఈడీలు రాకముందే చాలామంది 0.15 ఆంపియర్ల 47 నంబరుకు మారారు. దాంతో ఆత్మ 40 శాతం తగ్గిందని ఎవరూ ఏడ్చినట్టు లేదు!

కాని కళ్ళు లాగుతున్నాయన్న ఫిర్యాదు వేరు. అది నిజం. అమెరికా కరెంటు సెకనుకు 120 సార్లు సున్నాకు వస్తుంది. ఫిలమెంటు అంతలో చల్లారదు, వెలుగుతూనే ఉంటుంది. ఎల్ఈడీ ఠక్కున ఆరిపోతుంది. చవకరకం అయితే సగం సైకిల్ మాత్రమే వెలుగుతుంది. దాని కింద పరిగెత్తే బంతి గీతలా కాక చుక్కచుక్కలుగా కనిపిస్తుంది.

కంప్యూటర్ మెషిన్లలో ఇంకో తిరకాసు. విలియమ్స్ వారి 1990ల మెషిన్లలో 64 బల్బులు ఎనిమిది వరుసలు. ఒక్కో వరుసకు వంతులవారీగా ఎనిమిదో వంతు సమయమే కరెంటు. వంతుల మధ్య ఖాళీని కప్పిపుచ్చింది ఫిలమెంటు నిదానమే. వంతు మారేటప్పుడు పక్క వరుసకు జారే కాస్త కరెంటుకు ఫిలమెంటు వెలగదు, ఎల్ఈడీ మిణుకుమంటుంది. డిజైనర్లు ఎక్కడా పద్దు రాయకుండా ఈ నిదానాన్ని వాడుకున్నారన్నమాట.

ఇక రంగు. 1993లో షుజీ నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీ తెచ్చాక తెల్ల ఎల్ఈడీ సాధ్యమైంది. (2014 నోబెల్‌ను ఆయన అకసాకి, అమానోలతో పంచుకున్నారు.) మొదటి తెల్ల ఎల్ఈడీల కాంతిలో ఎరుపు తక్కువ. పసుపు బల్బుల కోసం గీసిన ఎర్రటి బొమ్మలు వాటి కింద వెలవెలబోయాయి. తర్వాత పసుపుఛాయ ఎల్ఈడీలు వచ్చి ఆ గొడవ చాలావరకు తీరింది. ఫిలమెంటులా మెల్లగా వెలిగి మెల్లగా ఆరేట్టు చేసే సర్క్యూట్ బోర్డులు కూడా ఇప్పుడు అమ్ముతున్నారు.

నన్నడిగితే బొమ్మల అద్దం వెనక వెంటనే ఎల్ఈడీలే పెట్టమంటాను. ఊడిన రంగు తిరిగి రాదు. బల్ల మీద మాత్రం ఆ బోర్డు కొనేదాకా 47 నంబరే ఉండనివ్వండి.